ఆదివారం రెండు గంటలు పిల్లలకి వదిలేయండి

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, డీన్లకు, హాస్టల్ వార్డెన్లకు నమస్కారం.

పదో తరగతి పరీక్షలు ఇంకా అవ్వకముందే మీ పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. అమ్మానాన్నలను కూర్చోబెట్టి ఏ క్యాంపస్‌లో ఏ బ్యాచ్ ఉందో, కిందటేడు ఎన్ని ర్యాంకులు వచ్చాయో, ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే ఫీజులో ఎంత తగ్గుతుందో చెప్తారు. పక్క గది గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా వింటున్న పిల్లనో పిల్లాడినో పిలిచి "నీకు ఏం చేయడం ఇష్టం?" అని అడిగినవాళ్లని నేనైతే ఇంతవరకు చూడలేదు. అడ్మిషన్ ఫారంలో కూడా ఆ ప్రశ్నకి చోటు లేదు. ఈ లేఖ ఆ ప్రశ్న గురించే.

నేను ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్తాను. మొదట్లో కొన్నేళ్లు మీలాంటి ఒక రెసిడెన్షియల్ క్యాంపస్‌లో పనిచేశాను, తర్వాత ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వచ్చాను. రెండు చోట్లా వయసు ఒకటే, పదిహేను, పదహారు, పదిహేడు. కొత్తగా మీసం వస్తున్న కుర్రాళ్లు, అద్దం ముందు నిలబడి తనెవరో తేల్చుకుంటున్న ఆడపిల్లలు, ఎవరో ఏదో అన్నారని రాత్రంతా నిద్రపోని వాళ్లు. ఆ వయసులో లోపల ఏదో ఒకటి ఊరుతూనే ఉంటుంది, దాన్ని పాటగానో బొమ్మగానో మాటగానో బయట పెట్టుకోవాలనిపిస్తుంది, చాలామందికి జీవితంలో అంత గట్టిగా మళ్లీ ఎప్పుడూ అనిపించదు. సరిగ్గా ఆ రెండేళ్లే వాళ్లు మీ దగ్గర ఉంటారు.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను, లేఖ మొత్తం చదివే తీరిక మీకు లేకపోయినా ఇదొక్కటీ చదవండి. ఆదివారం సాయంత్రం రెండు గంటలు పిల్లలకి వదిలేయండి. పరీక్ష లేకుండా, మార్కు లేకుండా, పోటీ లేకుండా, ఎవరూ ఫొటో తీయకుండా. బొమ్మలు వేసుకునేవాళ్లు వేసుకుంటారు, రాసుకునేవాళ్లు రాసుకుంటారు, పాడుకునేవాళ్లు పాడుకుంటారు, ఏమీ చేయకుండా చెట్టు కింద కూర్చునేవాళ్లు కూర్చుంటారు. రెండోది, వాళ్ల సొంత నోట్‌బుక్ జోలికి వెళ్లకండి. అంతే.

రెండో మాట ఎందుకు అంటున్నానో చెప్పాలి. ఆ క్యాంపస్‌లో నా క్లాసులో ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఎంపీసీ కుర్రాడు ఒకడు ఉండేవాడు. ఆదివారం ఇంటికి ఫోన్ చేసుకోడానికి పిల్లలంతా లైన్లో నిలబడతారు కదా, ఆ లైన్లో నిలబడి ముందున్నవాళ్లు ఇంటికి ఏం చెప్తున్నారో రఫ్ బుక్ వెనక పేజీల్లో వరసగా రాసేవాడు. "తిన్నానమ్మా." "టెస్టు బానే రాశా." "పప్పే పెట్టారు, బానే ఉంది." "జ్వరం తగ్గింది, రావద్దులే." "డబ్బులేం వద్దు నాన్నా, ఉన్నాయి." పేర్లు లేవు, తన వ్యాఖ్యానం లేదు, పేజీ నిండా ఆ మాటలే. చిట్టచివర తన వంతు వచ్చినప్పుడు తను చెప్పింది కూడా రాసుకున్నాడు, "బాగానే ఉన్నానమ్మా." హాస్టల్ బతుకు మీద చాలా కథలు చదివాను గానీ అంత పొదుపుగా అంత సూటిగా రాసినవాళ్లు అరుదు. వాడికి పదహారేళ్లు. ఒకరోజు రూమ్ చెకింగ్‌లో ఆ పుస్తకం తీసుకుపోయారు. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి "మీవాడి ధ్యాస పక్కదారి పడుతోంది" అన్నారు. నేను వెళ్లి అడిగితే "మీరు కూడా ఎంకరేజ్ చేస్తే ఎలా మేడమ్" అన్నారు. పుస్తకం తిరిగి ఇవ్వలేదు. ఆ ఏడాది వాడు మళ్లీ ఏమీ రాయలేదు. మార్కులు కూడా పెరగలేదు, అది కూడా మీకు తెలియాలి.

వాడు ఫిజిక్స్ చదవాల్సిన టైములో రాయలేదండీ. లైన్లో నిలబడ్డ టైములో రాశాడు. ఆ టైము ఏ షెడ్యూల్లోనూ లేదు. పొద్దున అయిదున్నర బెల్లు నుంచి రాత్రి స్టడీ అవర్ అయ్యేదాకా ప్రతి అరగంటా మీదే, మధ్యలో మిగిలిన ఆ కాసేపట్లో ఒక పిల్లాడు తన చుట్టూ ఏం జరుగుతోందో గమనించి కాగితం మీద పెడితే, అది కూడా నేరమే అయింది. పిల్లలు తమలో తాము రాసుకున్నది వార్డెన్ చదవకూడదు, లెక్చరర్ చదవకూడదు, అమ్మానాన్నలు కూడా వాళ్లు చూపిస్తేనే చదవాలి. ఎవరో చదువుతారన్న భయం ఒకసారి పట్టుకుంటే ఆ పిల్ల ఇక నిజం రాయదు, నలుగురూ మెచ్చే మాటలే రాస్తుంది.

ఇంకో కుర్రాడు విజయనగరం వైపు నుంచి వచ్చాడు, వాళ్ల పెదనాన్న తప్పెటగుళ్లు ఆడతారు. గుండె మీద రేకు కట్టుకుని వాయిస్తూ గెంతుతూ పాడే ఆట అది, చూసినవాళ్లకి తెలుసు ఒంట్లో రక్తం ఎలా పరిగెడుతుందో. వీడు మెస్‌లో స్టీలు కంచం తిరగేసి అదే దరువు వేసేవాడు, దాని మీద పీరియాడిక్ టేబుల్‌లో గ్రూపుల పేర్లు కలిపి పాట కట్టాడు. పక్క టేబుల్ వాళ్లు కూడా అందుకునేవారు. రెండోసారి పాడిన రోజు వాడిని నిలబెట్టి అందరి ముందు తిట్టారు. కెమిస్ట్రీ సార్ ఒక్కడే నాతో మెల్లగా అన్నాడు, ఆ గ్రూపులు మా సెక్షన్ మొత్తానికి నోటికొచ్చేశాయి మేడమ్ అని.

బైపీసీ వాళ్ల సంగతి మరీ విచిత్రం. బొమ్మ వేయడానికి అనుమతి ఉన్న ఒకే ఒక్క పుస్తకం వాళ్లకి రికార్డు. ఉమ్మెత్త పువ్వు నిలువుకోత, బొద్దింక నోటి భాగాలు, అన్నీ పెన్సిల్‌తో ఎంత శ్రద్ధగా వేస్తారో. ఒక అమ్మాయి ఉమ్మెత్త పువ్వు వేసి, తను నిజం పువ్వు తెచ్చుకుని చూసినప్పుడు దాని మీద ఉన్న చీమను కూడా వేసింది. పేజీ మొత్తం ఎర్ర పెన్నుతో కొట్టేశారు, మళ్లీ వేయమన్నారు. రికార్డులో చీమ ఉండకూడదు, ఒప్పుకుంటాను, దానికో పద్ధతి ఉంది. మరి ఆ చీమని ఎక్కడ వేసుకోవాలి ఆ పిల్ల? రికార్డు కాకుండా ఇంకో తెల్ల కాగితం ఆ క్యాంపస్‌లో ఎక్కడైనా ఉందా? మైక్రోస్కోప్ ముందు కూర్చునే మనిషికి కావలసిన మొదటి గుణమే, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం. ఆ గుణాన్నే కొట్టేశాం.

ఇప్పుడున్న కాలేజీలో నేను ఒక చిన్న పని చేస్తాను. పీరియడ్ చివర పది నిమిషాలు మిగిలితే, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఈ బెంచీ మీద కూర్చునేదాకా నువ్వు చూసినదాంట్లో ఒక్కటి రాయమంటాను, ఇష్టమైతే చదివి వినిపించు, లేకపోతే జేబులో పెట్టుకో అంటాను. మొదటి రెండు వారాలు అందరూ ఒకటే రాస్తారు, సూర్యోదయం చాలా అందంగా ఉంది, తల్లిదండ్రులు దేవుళ్లు, సమయం విలువైనది. వ్యాసాల గైడ్లు చదివి చదివి చేతికి అదే అలవాటు అయిపోయింది. మూడో వారమో నాలుగో వారమో ఎవరో ఒకరు తెగిస్తారు. ఒక అబ్బాయి రాశాడు, బస్సులో కండక్టర్ చిల్లర లేదని టికెట్ వెనక పన్నెండు రూపాయలు అని రాసిచ్చాడు, దిగేటప్పుడు అడగడానికి సిగ్గేసి దిగిపోయాను, ఇంట్లో అమ్మ అడిగితే పోయాయని చెప్పాను, ఆ టికెట్ ఇంకా నా దగ్గరే ఉంది. క్లాసంతా ఒక్కసారి నవ్వారు, వెంటనే ఇంకో నలుగురు మాకూ అంతే అయింది అన్నారు. ఒకమ్మాయి రాసింది, మా నాన్న మిర్చి కోతల రోజుల్లో నన్ను తాకరు, చేతుల మంట నాకు అంటుకుంటుందని దూరం నుంచే మాట్లాడతారు. ఆ రోజు నేను పాఠం చెప్పలేకపోయాను.

ఇవి చెప్పించడానికి నేనేమీ చేయలేదు, పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాను, అంతే. పిల్లలకి ప్రేరణ ఇవ్వాలని మీరు పెద్ద పెద్ద స్పీకర్లని పిలిపిస్తారు, మోటివేషన్ క్లాసులు పెడతారు. వాళ్లకి కావలసిన ప్రేరణ ఆ రోజు బస్సులో ఉంది, బాత్రూమ్ ముందు బకెట్ల వరసలో ఉంది, కిటికీ ఊచలకి ఆరేసిన పక్కవాడి చొక్కాలో ఉంది. దాన్ని చూసి, కాసేపు ఆగి, ఏదో ఒకటి చేసుకునే తీరిక ఒక్కటే లేదు.

ఒక ప్రిన్సిపాల్ తలుచుకుంటే ఏం చేయగలడో చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు, రాజమండ్రి వెళ్తే చాలు. వందేళ్ల కిందట అక్కడ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిషు దొర ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. తనూ బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. ఊళ్లో దామెర్ల రామారావు అనే కుర్రాడు వేసే బొమ్మలు చూసి, నీ ధ్యాస పక్కదారి పడుతోంది అనలేదు, చేరదీశాడు. ఆ ప్రోత్సాహంతోనే రామారావు 1916లో, పంతొమ్మిదేళ్ల వయసులో, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లాడు. తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే పోయాడు. ఆంధ్ర చిత్రకళ అని ఈరోజు మనం గర్వంగా చెప్పుకునేదానికి పునాది వేసిన ఆ మనిషి మొత్తం జీవితం, మీ క్యాంపస్‌లో ఒక జూనియర్ లెక్చరర్ వయసు దాటలేదు. గోదావరి ఒడ్డున ఆయన పేరు మీద ఉన్న ఆర్ట్ గ్యాలరీకి మీ స్టాఫ్‌ని ఒకసారి తీసుకెళ్లండి. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే, కవిత్వం, నవల, బొమ్మ, మూడూ చేశాడు. ఒకే ఒక్క ప్రిన్సిపాల్‌కి పిల్లల్ని చూసే కన్ను ఉంటే మనకి ఇంతమంది వచ్చారు. మీ దగ్గర ఇప్పుడు ఎంతమంది ప్రిన్సిపాళ్లు, ఎన్ని వేలమంది పిల్లలు!

అందరూ దామెర్ల రామారావులు అవుతారని నేను అనడం లేదు. ఎక్కువమంది ఇంజనీర్లు, డాక్టర్లు, ఉద్యోగస్తులే అవుతారు, కావాలి కూడా. నా బాధ వేరు. రెండేళ్లపాటు ప్రశ్నపత్రంలో అడిగినదానికి తప్ప దేనికీ జవాబు ఇవ్వని పిల్లలు, ఆ తర్వాత ఎవరైనా నీకేం ఇష్టం అని అడిగితే తెల్లమొహం వేస్తున్నారు. ఇంజనీరింగ్‌లో చేరి సెలవులకి వచ్చి కలిసే పాత విద్యార్థులని అడుగుతాను, ఈమధ్య ఏం చేస్తున్నావురా, ఏదైనా రాశావా, ఏదైనా నేర్చుకున్నావా అని. "ఏం లేదు మేడమ్, ఖాళీగా ఉంటే ఫోన్ చూస్తా" అంటారు. మీరు క్యాంపస్‌లో ఫోన్ తీసేసుకుంటారు, మంచిదే, దానికి నేను అడ్డు చెప్పను. కానీ ఫోన్ తీసుకున్న చేతిలో ఏమీ పెట్టలేదు. సంక్రాంతికి మూడు రోజులు ఇంటికి పంపితే పిల్లాడు రెండు రోజులు నిద్రపోయి ఒక రోజు రీల్స్ చూసి తిరిగొస్తున్నాడు, గాలిపటం సంగతి అటుంచండి, ముగ్గు వేస్తున్న అక్క పక్కన కూడా కూర్చోవడం లేదు.

తల్లిదండ్రులే అడుగుతున్నారు, మేమేం చేయం అంటారు మీరు. తల్లిదండ్రులు నాకు తెలుసు. అప్పు చేసి, పొలం కౌలుకిచ్చి, బంగారం తాకట్టు పెట్టి మీ ఫీజు కడుతున్నారు. వాళ్లకి భయం ఉంటుంది, ఆ భయాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టను. కానీ వారానికి రెండు గంటలు బొమ్మలు వేసుకుంటే ర్యాంకు పోతుందని వాళ్లకి ఎవరు చెప్పారు? మీరు చెప్పారు, మీ ఫ్లెక్సీలు చెప్పాయి. 470కి 468 అని పక్కనే పిల్ల ఫొటో వేసి ఊరంతా కట్టారు. మీరు చెప్తే నమ్మినవాళ్లు, ఇంకోలా చెప్పినా నమ్ముతారు. మొదటి పేరెంట్స్ మీటింగ్‌లో మీ డీన్ లేచి "ఆదివారం సాయంత్రం మీ పిల్లల సొంతం, దయచేసి మీరు కూడా ఆ టైములో మార్కుల గురించి అడగొద్దు" అంటే, ఎవరో ఒకరిద్దరు గొణుగుతారు, మిగతా అందరూ మనసులో ఊపిరి పీల్చుకుంటారు.

ఇది నా ఒక్కదాని కోరిక కూడా కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలోనే పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలన్నారు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి అయిదు గంటలకు మించి క్లాసులు వద్దని, వారానికి ఒక సెలవు ఉండాలని, ఆ సెలవు మర్నాడు టెస్టు పెట్టకూడదని ఉంది. మేం కాలేజీలం, అవి కోచింగ్ సెంటర్లకి అనొచ్చు మీరు, కానీ మీ క్యాంపస్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా జరుగుతున్నది ఏమిటో మీకూ తెలుసు నాకూ తెలుసు. 2025 జూలైలో, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక పదిహేడేళ్ల అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం వీలైనంతవరకు మానమంది, క్రీడలకీ కళలకీ ప్రాధాన్యం ఇవ్వమంది, వందమంది, అంతకు మించి పిల్లలున్న చోట కౌన్సెలర్ ఉండాలంది. ఆ కేసు పుట్టింది మన తెలుగు నేల మీదే. బొమ్మ వేస్తే, పాట పాడితే అన్ని దుఃఖాలూ తీరిపోతాయని చెప్పడం లేదు, అది మందు కాదు, కౌన్సెలర్ చేయాల్సిన పని కౌన్సెలరే చేయాలి. కానీ లోపల ఉన్నది బయటికి రావడానికి ఒక దారి అంటూ ఉండాలి కదా.

కేంద్రం 2015 నుంచి తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం కళా ఉత్సవ్ అని కళల పోటీలు నడుపుతోంది. మీ క్యాంపస్‌ల నుంచి ఎవరినైనా పంపారా? పంపాలని ఎప్పుడైనా అనిపించిందా? ప్రభుత్వ బడుల్లో టీచర్లు సొంత జేబులో డబ్బు పెట్టి పిల్లలు రాసిన కథలని పుస్తకాలుగా వేస్తున్నారు, వాటిలో కొన్ని నా దగ్గర ఉన్నాయి. కోళ్ల గురించి, చెరువు గట్టు గురించి, తాగొచ్చిన నాన్న గురించి ఆ పిల్లలు రాసినవి చదివితే మనం పెద్దవాళ్లం కాస్త తగ్గి మాట్లాడాలనిపిస్తుంది. ఆ బడుల్లో పదో తరగతి అయ్యి మార్కులు బాగా వస్తే మీరే ఫీజు తగ్గించి తీసుకుంటారు. అప్పటిదాకా కథలు రాసిన చెయ్యి మీ గేటు దాటాక ఆగిపోతోంది.

సెకండ్ లాంగ్వేజ్ గురించి కూడా ఒక మాట. అడ్మిషన్ రోజు పిల్లని అడక్కుండానే సంస్కృతం అని రాసేస్తారు, మార్కులు ఎక్కువ వస్తాయని. సంస్కృతం మీద నాకు ఏ కోపమూ లేదు, ఇష్టపడి నేర్చుకుంటే అంతకంటే కావలసిందేముంది. కానీ ఇక్కడ జరుగుతున్నది నేర్చుకోవడం కాదు, కొన్ని జవాబులు బట్టీ పట్టి నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకోవడం. ఆ పిల్ల కలలు కనే భాషలో, అమ్మతో దెబ్బలాడే భాషలో రెండేళ్లపాటు ఒక్క పేరా కూడా రాయకుండా బయటికి వస్తోంది. కనీసం అడగండి. తెలుగు కావాలన్నవాళ్లకి తెలుగు ఇవ్వండి, ఒక్క సెక్షన్‌కి సరిపడా అయినా ఉంటారు.

నా భయం ఒకటి ఉంది. మీరు ఈ రెండు గంటలకి ఒప్పుకుంటే, దాన్ని కూడా ప్రోగ్రాం చేసేస్తారేమోనని. "క్రియేటివిటీ అవర్" అని పేరు పెట్టి, ఇన్‌చార్జిని వేసి, టాపిక్ ఇచ్చి, ఫస్ట్ సెకండ్ థర్డ్ ప్రైజులు పెట్టి, ఆ బొమ్మలు పట్టుకుని పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటో తీసి మీ పేజీలో పెట్టుకుంటారేమోనని. దయచేసి వద్దు. ఇప్పటికే వాళ్లు వారానికి ఒకసారి ర్యాంకు లిస్టులో తమ పేరు వెతుక్కుంటున్నారు. ఇక్కడ కూడా ఇంకో లిస్టు పెడితే, బొమ్మ బాగా వచ్చే ముగ్గురు వేస్తారు, మిగతావాళ్లు నాకు రాదు అని చేతులు కట్టుకు కూర్చుంటారు. బాగా రానివాళ్లకే ఈ రెండు గంటలు ఎక్కువ అవసరం. యాన్యువల్ డే కూడా దీనికి జవాబు కాదు. బయటి నుంచి డ్యాన్స్ మాస్టర్ని తెచ్చి, సినిమా పాటకి స్టెప్పులు నేర్పి, ఫంక్షన్ హాల్లో లైట్లు వేస్తే చూడ్డానికి బాగుంటుంది, పిల్లలకీ సరదాగా ఉంటుంది, కానీ అందులో పిల్ల తనంతట తాను అనుకుని చేసింది ఏదీ ఉండదు.

ఖర్చు ఎంత అంటారా, రెండు రీముల తెల్ల కాగితం, కొన్ని కలర్ పెన్సిళ్లు, వాటర్ కలర్ డబ్బాలు, ఒక పాత హార్మోనియమో డప్పో, లైబ్రరీ అని బోర్డు పెట్టి తాళం వేసిన గది తాళంచెవి. మెస్‌లో ఒక పూట ఖర్చు కూడా కాదు. ఒక పెద్దమనిషి ఆ చుట్టుపక్కల ఉంటే చాలు, దెబ్బలు తగలకుండా, ఒకరినొకరు ఏడిపించకుండా చూసుకోడానికి. నేర్పక్కర్లేదు, అడిగితే చెప్తే చాలు.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఏ క్యాంపస్ అయినా సరే అంటే, మొదటి కొన్ని ఆదివారాలు నేనే వస్తాను, రూపాయి తీసుకోను. హైదరాబాద్‌లో, విశాఖలో, తిరుపతిలో, వరంగల్‌లో నాలాగే వచ్చే తెలుగు లెక్చరర్లు, డ్రాయింగ్ మాస్టార్లు, రిటైరైన సంగీతం టీచర్లు ఉన్నారు, పిలిస్తే వస్తారు. హాఫ్ ఇయర్లీ పరీక్షల వరకు చేసి చూడండి, మార్కులు పడిపోయాయని మీకు నిజంగా అనిపిస్తే నా ముందు ఆ లిస్టు పెట్టండి, కూర్చుని మాట్లాడుకుందాం.

జూన్‌లో కొత్త టైమ్‌టేబుల్ గోడకి అంటించే ముందు ఆదివారం గడి ఒక్కసారి చూడండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అందులో ఏమీ రాయకండి.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక తెలుగు లెక్చరర్